కొత్త ఆకు

తిన్నాక కాగితాన్ని మారయ్య తన వైపుకే మడుస్తాడు. వంటవాళ్ళు పంపే అన్నం పొట్లం తాలూకు గోధుమరంగు కాగితం అది. పక్కవాళ్ళు ఉండచుట్టి చెత్తడబ్బాలోకి విసురుతారు. మారయ్య అవతలి అంచు పట్టుకుని ఇవతలికి వాల్చి, మీద ఒకసారి అరచేత్తో రాస్తాడు. విస్తరి తన వైపుకి మడిచినవాడు ఆ ఇంట మళ్ళీ తింటాడు. అవతలికి మడిచేది చావింట్లోనే. సోంపేట దగ్గర అతని ఊళ్ళో ఈ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు.

"ఏటి మావా, కాయితం ముక్కకి కూడా మర్యాదేటి?" అంటాడు అనిల్‌కుమార్. ఒకే ఊరివాడు, సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లోని కూలీల డార్మిటరీలో పైమంచం వాడు.

"తిన్న కంచం రా," అంటాడు మారయ్య.

మస్కట్ నుంచి అతణ్ణి తాగుడే ఇంటికి పంపింది. సింగపూర్ విమానం ఎక్కేముందు భార్య చెన్నమ్మ ఏడవలేదు. "ఆ దేశంలోనైనా మనిసివి కా," అంది. అంతే అంది. షిప్‌యార్డులో కొన్నాళ్ళు మనిషిగానే ఉన్నాడు. తరవాత ఒకసారి గేటు దగ్గర వాసనతో దొరికాడు. మళ్ళీ దొరికాడు. సూపర్‌వైజర్ లిమ్ ఆఫీసుకి రమ్మన్నాడు.

ఆ పొద్దున మారయ్య మంచం కింది సీసా తీసి తూములో వంపేశాడు. చెన్నమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడు. ఆ మాట లిమ్‌కి చెప్పాలనుకున్నాడు. ఎదుట నిలబడ్డాక దానికి ఇంగ్లీషు దొరకలేదు.

లిమ్ చాలాసేపు మాట్లాడాడు. గొంతు పెంచలేదు. చివర్న లేచి, "టర్న్ ఓవర్ ఎ న్యూ లీఫ్, మారయ్యా. టుమారో. కెన్ ఆర్ నాట్?" అన్నాడు, అవుతుందా లేదా అని అక్కడివాళ్ళు అడిగే తీరులో. భుజం తట్టాడు.

బడి మొహం చూడని మారయ్యకి లీఫ్ అంటే తెలుసు. లిటిల్ ఇండియాలో ఆదివారం అన్నం తినేచోట సర్వర్లు ఆ మాటే కేకేస్తారు. అరిటాకు. టర్న్ అంటే క్రేన్ పని, తిప్పడం. న్యూ అంటే కొత్త. పంక్తిలో నీ ముందున్న ఆకు తిరగేశారంటే నీకిక వడ్డన లేదు. కొత్త ఆకు వేశారంటే అది నీ తరవాత కూర్చునేవాడికి. ఇంత మెత్తగా లెమ్మన్న మనిషిని మారయ్య ఇదివరకు చూడలేదు.

"కెన్," అన్నాడు. దణ్ణం పెట్టి వచ్చేశాడు.

ఎవరికీ చెప్పలేదు. మర్నాడు అనిల్ కాలు పట్టి లాగాడు. "లెగు మావా, లారీ ఒచ్చీసింది."

"నాకు పని లేదురా. ఎల్లిపో." మొహం గోడవైపే ఉంది.

"మళ్ళీ ఏసీసినావా?" అని నవ్వి అనిల్ వెళ్ళిపోయాడు.

సాయంత్రం వచ్చినవాడు హెల్మెట్ కూడా తియ్యలేదు. "ఎందుకు రాలేదు మావా? లిమ్ గేటుకాడ నీకోసం సూసినాడు. స్టోరులో తేలిక పని ఇద్దామనుకున్నాడట. నువ్వు రాలేదని పర్మిట్ రద్దు సేయించీసినాడు."

"ఆకు తిప్పీమన్నాడు కదరా. కొత్త ఆకన్నాడు."

అనిల్ చెప్పించుకుని విన్నాడు. ముందు నవ్వొచ్చింది. సగంలో ఆగిపోయింది.

"లీఫంటే పుస్తకంలో పేజీ కూడా మావా. కొత్త పేజీ తిప్పమన్నాడు. పాతది వొదిలీసి మళ్ళీ మొదలెట్టమన్నాడు."

"మళ్ళీ మొదలెడదామనే నానూ అనుకున్నాను," అన్నాడు మారయ్య. "సీసా పారబోసీసినాను." అనిల్ వైపు తిరిగి, "ఎల్లి సెప్పరా అతగాడికి," అన్నాడు.

అనిల్ మంచం కోడు పట్టుకున్నాడు. "పొద్దున్న అడిగితే తాగి పడున్నాడని నానే సెప్పీసినాను మావా. ఇప్పుడు ఆకూ పేజీ అంటే ఎవులు నమ్ముతారు?"

మారయ్య అతణ్ణి తిట్టలేదు. అనిల్ చోట తానున్నా అదే చెప్పి ఉండేవాడు.

తెల్లారి యూనిఫాం వేసుకుని, బూట్లు కట్టుకుని అందరితో కిందికి దిగాడు. లారీ దగ్గర మేస్త్రి అతని మొహం చూసి చెయ్యి అడ్డం పెట్టాడు. అనిల్ లారీలోంచి తన పొట్లం అతని చేతికిచ్చాడు. లారీ కదిలింది. మారయ్య గట్టు మీద కూర్చుని పొట్లం విప్పి మెతుకు మిగలకుండా తిన్నాడు. తరవాత అవతలి అంచు పట్టుకున్నాడు. వదిలాడు. ఇవతలి అంచు పట్టుకున్నాడు. ఎటు మడవాలో తెలియక, వేళ్ళ మీది పులుసు ఎండి బిగుసుకునేదాకా ఆ కాగితం ముందే కూర్చున్నాడు.