మామ అప్పీలు మళ్ళీ బతికిన రోజు

ఈ పొద్దున జగిత్యాలలో ఏదో ధ్రువపత్రం కోసం వెళ్తే, కిటికీ వెనక గుమాస్తా "గడువు నిన్ననే అయిపాయె సార్" అన్నాడు. కోపం రావలసింది పోయి నవ్వొచ్చింది. మా మేనమామ, ఆయనకంటే ముందు మా అత్త, కళ్ళముందు నిలబడ్డారు.

మామ సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేశాడు. ఆ పేలుళ్ళకు రెండు చెవులూ పోగొట్టుకుని కోరుట్లకు తిరిగొచ్చాడు. వైకల్య పింఛను కుదరదన్నారు, సైనికుల కేసులు చూసే కోర్టులో అప్పీలు చేశాడు. ఆ తర్వాత సిరిసిల్లలో కూతురింటికి వెళ్ళాడు. ఆ ఊరంటే ఆయనకు ప్రాణం. మరమగ్గాల చప్పుడులో అక్కడ అందరూ అరిచే మాట్లాడుకుంటారు గనుక, తానొక్కడే చెవిటివాణ్ణన్న దిగులుండదు. అక్కడే మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు మంచం మీద ఆయన, మంచం పక్కన అత్త. తిరిగొచ్చి కోరుట్ల ఇంటి తాళం తీసేసరికి గడపలో రెండు ఉత్తరాలు. మొదటిది: వైద్య పరీక్షల కాగితం జతచేయలేదు, నెలలోగా పంపండి. రెండోది: పంపలేదు గనుక అప్పీలు కొట్టివేశాం. ఆయన చెవుల సంగతి ఎవరూ విననే లేదు.

"ఇగ ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు మామ.

అత్త బీడీలు చుట్టే చాట పక్కకు నెట్టి లేచింది. "సరిహద్దు ఇడిసిపెట్టి ఉరికచ్చినవా? మరి గిదెట్ల ఇడిసిపెడ్తవయ్యా?" మామకు వినిపించలేదు గానీ వాడకంతా వినిపించింది.

మర్నాడు పొద్దున్నే అత్తా నేనూ జగిత్యాల వకీలు ముందు కూర్చున్నాం. "పరీక్షల కాగితం ఉన్నది, మంచిదే. ఆలస్యమెందుకైందో దవాఖాన సర్టిఫికెట్ గూడ పెడితే కేసు మళ్ళ తెరిపియ్యచ్చు. కని ఇయ్యాల్నే ఆఖరు రోజు. అయిదింటి లోపట స్టాంపున్న అసలు కాగితం తెండ్రి" అన్నాడాయన.

పరుగున సిరిసిల్ల బస్సెక్కాం. దవాఖానలో, మామ కాలు చూసిన డాక్టరు ఆపరేషన్‌లో ఉన్నాడు, రేపు రమ్మంది నర్సు. అత్త ఆపరేషన్ గది తలుపు ముందే చతికిలబడింది. "రేపటికి మా ఆయన కేసు సచ్చిపోతది బిడ్డా, నేను కదల." ఆ అమ్మాయి ఏమనుకుందో, లోపలికి వెళ్ళింది. కాసేపటికి డాక్టరే వచ్చి, నిలబడే సంతకం పెట్టాడు.

తిరుగు బస్సు వేములవాడలో యాత్రికులతో నిండి కదలనంటే, "పోనియ్యి కొడుకా, నీకు పుణ్యముంటది!" అని అత్త డ్రైవరు వెనక నిలబడి మొత్తుకుంది. జగిత్యాలలో దిగగానే చెప్పులు చేతబట్టుకుని ఉరికింది, నేను వెనకబడ్డాను. వకీలు ఆ కాగితాన్ని కంప్యూటరులో కోర్టు సైటుకెక్కిస్తుంటే అత్తా నేనూ తెర మీదికి వంగి చూశాం. "ఎక్కింది!" అన్నాడాయన. గోడ గడియారంలో అయిదుకు ఏడు నిమిషాలు.

కేసు తెరిచారు. ఈసారి విన్నారు, పింఛనూ ఇచ్చారు. తీర్పొచ్చిన రోజు అత్త మామ చెవిలో "గెలిచినవ్!" అని అరిచింది. "ఏందీ?" అన్నాడు. మళ్ళీ అరిచింది. "ఏందే?" మూడోసారి అరిపించుకునేసరికి ఆయన కళ్ళు నిండిపోయి ఉన్నాయి, మొదటిసారే అర్థమైందని నాకు తెలుసు.

ఎదురుచూపుల్లో పోయిన ఏళ్ళను ఏ కోర్టూ తిరిగివ్వలేదు. కానీ అత్త వెంట ఉరికిన ఆ ఒక్క పగలు మాత్రం, ఇన్నాళ్ళయినా, నాలో ఇంకా పొద్దు గూకలేదు.