ఎర్ర గీత నీటిపైకి వచ్చిన రోజు

ఢిల్లీ కంటోన్మెంటులో నేను రిపోర్టు చేసింది నవంబరు మొదట్లో. గాలి నిండా పొగ. గొంతు మండుతోంది. లదాఖ్‌లో రెండేళ్లు కొండమీది పోస్టులో ఉండి వచ్చాను. సిగ్నల్స్ నాయక్‌ని, రేడియో ఆపరేటర్ని. ఏ ఎక్స్ఛేంజీలోనో కూర్చోబెడతారని అనుకున్నాను. సాహసయాత్రల సెల్లులో గుమాస్తా నా ఆర్డరు చూసి, "ఠీక్ హై, నువ్వు పడవ మీదికి" అన్నాడు.

అక్కడినుంచి సముద్రం వెయ్యి కిలోమీటర్ల పైనే. మాది పల్నాడు. పడవంటే నాకు తెలిసింది కృష్ణ దాటించే బల్లకట్టు.

పడవ ముంబైలో ఉంది. దాన్ని నడిపే మేజర్ సాబ్, ఇంజిన్ మెకానిక్ కూడా అక్కడే. ఢిల్లీలో మా పని సామాను కట్టి లారీకి ఎక్కించడం. ఆ పని స్టోర్సు హవల్దారుది. రోహ్తక్ మనిషి. మారుమూల పోస్టుకు ఐదుగురికి ఏమేం ఇవ్వాలో అతనికి కంఠస్థం. గోధుమపిండి బస్తాలు, పప్పు, నెయ్యి డబ్బాలు, నీళ్ల జెర్రీక్యాన్లు, ఇనుప పనిముట్ల పెట్టె, లారీ జాకీ, పారలు, గునపాలు. ఒక్కటీ వదలలేదు. మా నర్సింగ్ అసిస్టెంటు నరసాపురం కుర్రాడు, చర్చిలో పాటలు పాడేవాడు. లారీ పక్కన నిలబడి నాతో తెలుగులో, "అన్నా, సముద్రంలో ట్రెంచి తవ్వుతామా ఏంటి?" అన్నాడు. నేను నవ్వాను. నా సామాను కూడా తక్కువేం కాదు. రెండు స్పేరు బ్యాటరీలు, ఒక రేకు ట్రంకు. ట్రంకు నిండా పుస్తకాలు.

నేను పదో తరగతితో చదువు ఆపి సైన్యంలో చేరాను. తర్వాతి చదువంతా లైబ్రరీలదే. పడవ డ్యూటీ అని తెలిసిన సాయంత్రమే కంటోన్మెంటు లైబ్రరీకి వెళ్లాను. తెరచాప పడవల నిర్మాణం మీద లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. లెక్కలు అడ్డొచ్చాయి. బేర్ సరాయ్ వెళ్లి, పోటీ పరీక్షల పిల్లలు అమ్మేసిన పాత లెక్కల పుస్తకం కొని వర్గమూలాలు మళ్లీ నేర్చుకున్నాను. ఎందుకంటే పడవ వేగం వర్గమూలంలో ఉంది.

పడవ కదిలితే ముందు ఒక అల, వెనక ఒక అల లేస్తాయి. నీటిని తాకే పొడవు ఎంత ఎక్కువైతే ఆ అలల మధ్య దూరం అంత ఎక్కువ, వేగమూ అంత ఎక్కువ. మా పడవ నీటిగీత దగ్గర ముప్ఫై ఆరడుగులు. వర్గమూలం ఆరు. దాన్ని ఒకటి పాయింట్ మూడు నాలుగుతో హెచ్చిస్తే ఎనిమిది నాట్లు, అంటే గంటకు దాదాపు పదిహేను కిలోమీటర్లు. మామూలుగా సాగే పడవకు అదే హద్దు. ఈ లెక్క నా చేత్తో వచ్చిన రోజు బ్యారక్‌లో ఎవరికి చెప్పాలో తెలియక నర్సింగ్ కుర్రాణ్ణి నిద్ర లేపి చెప్పాను.

ముంబైలో పడవను చూశాక పుస్తకం బొమ్మలన్నీ ప్రాణం పోసుకున్నాయి. లోపల పడకలు, పొయ్యి, ఫ్రిజ్, బాత్రూము. ఇంట్లో ఉన్నట్టే నెలల తరబడి ఉండొచ్చు. అయినా పందెపు పడవలా పరుగెత్తేలా కట్టారు. ముక్కు నిటారుగా కోసినట్టు ఉంటుంది. వెనకభాగం వెడల్పు. గోడలు రెండు ఫైబర్ పొరలు, మధ్యలో తేలికపాటి నురుగు పలక. అందుకే అంత గట్టిగా ఉండీ బరువు ఎనిమిది టన్నులే. అందులో మూడోవంతు నీటికింద సన్నటి రెక్క లాంటి కీల్ చివర సీసపు గడ్డలో ఉంది. గాలి పడవను పక్కకు వంచితే ఆ సీసం మళ్లీ నిలబెడుతుంది. పడవ చుట్టూ నీటిమట్టానికి కాస్త పైన ఒక ఎర్ర గీత. ఆ గీత ఎక్కడా మునగకూడదు.

లారీ సామానంతా ఎక్కించాం. చోటు ముందు క్యాబిన్‌లోనే ఉందని పిండి, జెర్రీక్యాన్లు, ఇనుము అక్కడే కుక్కాం. వెనక్కి వచ్చి చూస్తే ముక్కు దగ్గర ఎర్ర గీత లేదు.

మేజర్ సాబ్ కూడా అది చూశాడు. కానీ బయలుదేరే గంట దాటిపోయింది. మహాసముద్ర యాత్రకు పనికొస్తామో లేదో తేల్చే పరీక్ష కోసం గోవాకు సాగాం. గాలి వెనకనుంచే. అయినా పడవ ముక్కు ప్రతి అలలోనూ గుచ్చుకుని నీళ్లు డెక్ మీదికి తోసింది. వెనకభాగం లేచిపోవడంతో చుక్కాని పట్టు తప్పేది. ముందు క్యాబిన్‌లో ఒక పిండి బస్తా తడిసి ముద్దయింది. ఒకటిన్నర రోజు అనుకున్న దూరానికి రెండు రోజులు పైగా పట్టింది.

అసలు పరీక్ష తిరుగు ప్రయాణంలో. గోవా నుంచి ముంబైకి ఎదురుగాలిలో అరవై గంటల్లో చేరాలి. ఇంజిను వాడకుండా దానికి సీలు. ఆరు గంటలకొకసారి రేడియోలో మేము ఎక్కడున్నామో చెప్పాలి. వరుసగా రెండుసార్లు చెప్పకపోతే పరీక్ష రద్దు. నెగ్గితే హిందూ మహాసముద్రం దాటే యాత్ర మాది. ఓడితే పడవ మరో దళానికి పోతుంది, మేం పాత యూనిట్లకు.

గోవాలో పడవను కట్టేశాక మేజర్ సాబ్ మమ్మల్ని కూర్చోబెట్టి ఏం చేద్దామని అడిగాడు. ఎదురుగాలిలో పడవ నేరుగా వెళ్లలేదు. గాలికి నలభై ఐదు డిగ్రీల్లో అటొకసారి ఇటొకసారి కోసుకుంటూ ఎక్కాలి. బరువెక్కిన పడవ ఆ కోణం నిలబెట్టలేదు. నా లెక్క ప్రకారం మాకు ఒక టన్ను ఎక్కువ ఉంది. అదే చెప్పాను. నీళ్లకు పడవలో ట్యాంకులున్నాయి, జెర్రీక్యాన్లు అక్కర్లేదు. పిండి నాలుగో వంతు చాలు. పారలు, జాకీ ఎందుకో ఎవరికీ తెలియదు.

హవల్దార్ హిందీలో నెమ్మదిగా అన్నాడు. "నా బస్తాలు దింపుతా. నీ పెట్టె ఏం చేస్తావ్, ప్రొఫెసర్? అందులో దూదుందా? మరి ఆ రెండు బ్యాటరీలు?"

ఇంజిన్ మెకానిక్ పగలబడి నవ్వాడు. మేజర్ సాబ్ నవ్వలేదు. నావైపు చూశాడు. "రేడియో నీది. నిర్ణయం నీదే."

పుస్తకాలకు బాధ పడ్డాను గానీ అది చిన్న బాధ. బ్యాటరీలు వేరు. ఇంజిను లేకపోతే ఛార్జింగు సోలార్ పలకలతోనే. అవి చాలకపోతే రేడియో మూగబోతుంది. మూగబోతే అందరి యాత్రా నావల్లే పోతుంది. కానీ ఒక్క సీసం గడ్డ తప్ప పడవకు ఏ బరువూ చుట్టం కాదని రాసిన పేజీ నాకు తెలుసు. ట్రంకు దింపాను. బ్యాటరీలు దింపాను. హవల్దార్ నా ఎదుటే పారలు మోసుకెళ్లి జెట్టీ మీద వరసగా పెట్టాడు. మిగిలిన బరువంతా నడిమికి, కీల్ మీదికి మార్చాం.

మర్నాడు ఉదయం ఏడింటికి బయలుదేరాం. తేడా మొదటి గంటలోనే తెలిసింది. ముక్కు అలను గుచ్చడం లేదు, కోస్తోంది. చుక్కాని చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పొచ్చు. ఆరు నాట్లు, ఆరున్నర. రెండో రోజు మధ్యాహ్నం గాలి ఇరవై ఐదు నాట్లకు పెరిగింది. మేజర్ సాబ్ పెద్ద తెరచాపను రెండు మడతలు కుదించమన్నాడు. చాపను తగ్గిస్తే వేగం తగ్గాలి కదా. తగ్గలేదు. అతిగా వంగిన పడవ పక్కకు జారుతుంది. నిటారుగా ఉన్న పడవ ముందుకు పోతుంది. చదివినప్పుడు నమ్మలేదు. తాడు నా చేతిలో ఉండగా నమ్మాను.

ఆ సాయంత్రానికి బ్యాటరీ పడిపోయింది. మబ్బు వల్ల సోలార్ పని చేయలేదు. పడవను తనంతట తాను నడిపే యంత్రం ఆపేశాం, వంతులవారీగా చేత్తో నడిపాం. అదీ చాల్లేదు. ఇక మిగిలింది ఫ్రిజ్. అందులో హవల్దార్ పెరుగు, పన్నీరు, ఇంటినుంచి తెచ్చుకున్న వెన్న. నేను అడగలేదు. అతనే వెళ్లి స్విచ్చి ఆపాడు. ఆ పూట ఉన్నదంతా వండి పెట్టాడు. వెన్న పాడవకుండా తినేయమని ఒక్కొక్కరి రొట్టె మీద పిడికెడు వేశాడు. నర్సింగ్ కుర్రాడు కడుపు నిమురుకుంటూ, "బరువు దింపడమంటే ఇదేనా అన్నా, మనలోకి ఎక్కించడం?" అన్నాడు.

చివరి రిపోర్టులు ఒక్కో ఊపిరిలో చెప్పాను. అక్షాంశం, రేఖాంశం, వేగం, అందరూ క్షేమం, ఓవర్. ముంబై కంట్రోల్ ఆపరేటర్ ఒకసారి, "మాటలు పొదుపు చేస్తున్నావా భయ్యా?" అన్నాడు. "చేస్తున్నా, ఓవర్" అన్నాను. ఒక్క రిపోర్టూ తప్పలేదు.

యాభై ఏడో గంటలో హార్బరులోకి వచ్చాం. మేజర్ సాబ్ నా రేడియో తీసుకుని తానే చెప్పాడు: "ఐదుగురం. ఇంజిను సీలు చెదరలేదు. ఓవర్."

ఆ యాత్ర మాదే అయింది. దాని సంగతి వేరు.

ఢిల్లీకి తిరిగొచ్చాక మొదట చేసిన పని, గోవా నుంచి రైల్లో చేరిన ట్రంకులోంచి లైబ్రరీ పుస్తకం తీసి వాపసు ఇవ్వడం. రిటైరయ్యి ఇప్పుడు ఫరీదాబాద్‌లో ఒక ఫ్యాక్టరీకి సెక్యూరిటీ అధికారిని. గేటు దగ్గర లారీలు టైర్లు నలిగేలా బరువెక్కి వస్తాయి. ఏ లారీ చూసినా మేం ముంబై చేరిన ఆ సాయంత్రం కళ్లముందుకు వస్తుంది. పడవను నీటిలో తేలే బోయాకు కట్టడానికి హవల్దార్, నేను చిన్న రబ్బరు పడవలో దిగాం. కట్టేసి కొంచెం దూరం జరిగి వెనక్కి చూశాం. ముక్కు నుంచి వెనకదాకా, ఒక్క చోటా తెగకుండా, తడిసిన ఎర్ర గీత నీటిపైన మెరుస్తోంది. హవల్దార్ తెడ్డు వేయడం ఆపి దాన్నే చూస్తూ కూర్చున్నాడు.