మస్కట్‌లో నా రెండేళ్ల ఉద్యోగం

ఎన్నూరు రోడ్డు మీద మా లారీ యార్డులో నా పేరు మస్కట్. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆ ఊరిని నేను ఈనాటికీ చూడలేదు. చూడని ఊరి పేరు మనిషికి ఎలా అతుక్కుందో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. ఆ రోజు యార్డంతా నవ్వింది కాబట్టి, మీవల్ల నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

నేను ట్రైలర్ డ్రైవర్ని. రేవు నుంచి కంటైనర్లు మోస్తాను. మధ్యలో రెండేళ్లు బండి ఎక్కలేదు. నా భార్య సుగుణకు జబ్బు చేస్తే ఇంట్లో ఉండి చూసుకున్నాను. ఆమె పోయాక కొన్నాళ్లు గోడలు చూస్తూ కూర్చున్నాను. ఇక పనికి పోకపోతే ఆ గోడల్లో నేనూ ఒకటవుతానని భయమేసి, యార్డుల వెంట తిరగడం మొదలుపెట్టాను.

ఆఫీసు ఉద్యోగికి రెండేళ్ల ఖాళీ ఉంటే పైచదువు చదివాడంటారు. డ్రైవరుకు ఖాళీ ఉంటే మాత్రం ఎవరినో గుద్దాడనో, తాగి లైసెన్సు పోగొట్టుకున్నాడనో అంటారు. నేను కలిసిన ప్రతి సూపర్‌వైజరూ "ఈ రెండేళ్లు ఏం చేసినావు?" అని అడిగేవాడు. "ఇంట్లో ఉన్నాను" అనేవాణ్ణి. అతను కాస్త ముందుకు వంగి వాసన చూసేవాడు. "ఊరకనేనా?" అని ఇంకోసారి చూసేవాడు. భార్య పోయిందన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయేది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు, డీజిల్ డబ్బాల మధ్య, ఆ మాట చెప్పబుద్ధయ్యేది కాదు. అలా అన్ని యార్డులూ అయిపోయి, ఒక్కటి మిగిలింది.

అప్పుడు వ్యాసర్పాడిలో మా ఇంటికి మా బావమరిది దామోదరం వచ్చాడు.

"బావా, నువ్వు అంతంత లావు పుస్తకాలు చదువుతావు గానీ బతకను తెలీదు. ఇంట్లో ఉన్నానంటే ఎవడిస్తాడు పని? మస్కట్‌లో ఉన్నానని చెప్పు."

"నేనెప్పుడు పోయినాన్రా మస్కట్‌కి?"

"రెండేళ్ల కింద. మొన్ననే వచ్చినావు."

"పాస్‌పోర్టు అడిగితే?"

"ఇంట్లో ఉందను. ఇంటికొచ్చి చూస్తారా ఏంది?"

"ఆడ ఎట్లుంటుందని అడిగితే?"

"ఎండ, ఇసుక, ఒంటె. ఇంకేముంది ఆడ?"

దామోదరం తన జన్మలో రాష్ట్రం సరిహద్దులోని తడ దాటి పోలేదు. అయినా ఎంత నిబ్బరంగా చెప్పాడంటే, నిజంగానే పోయొచ్చి మరిచిపోయానేమోనని నాకే అనుమానం వచ్చింది. వెళ్తూ వెళ్తూ ఒక ఖర్జూరం పొట్లం చేతిలో పెట్టాడు. "ఆ మిగిలిన యార్డు మేడంకియ్యి. ఫారిన్ నుంచి వచ్చినోడు ఉత్త చేతుల్తో పోతే బాగుండదు."

ఆ చివరి యార్డు నడిపేది వసంత మేడం. మైలాపూరు తెలుగు కుటుంబం. అరవై దాటిన మనిషి, కళ్లద్దాల పైనుంచి చూసి మాట్లాడుతుంది.

"రెండేళ్లు ఏడ ఉన్నావప్పా?"

"మస్కట్‌లో మేడం." పొట్లం బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఎట్లుండింది ఆడ?"

"ఎండ మేడం."

"సరి."

"ఇసుక కూడా."

"సరి సరి. ఇంక?"

"ఒంటెలు."

"ఒంటెల్ని తోలినావా, బండి తోలినావా?"

"ట్రైలరే మేడం. అదే, పెద్ద రోడ్లు, అదే..." అంటూ ఆగిపోయాను. దామోదరం పాఠం అంతవరకే.

ఆమె పొట్లం పట్టుకునే లేచింది. "మంచికాలం, సరైన మనిషివే వచ్చినావు. రాప్పా."

గేటు పక్కన ఒక పెద్ద క్రేన్ బండి నిలబడి ఉంది. ఏదో దేశం నుంచి ఓడలో దిగిందట. అద్దాలు కనిపించనంత దుమ్ము. "మావాళ్లకు ఇట్లాంటి బండి అలవాటు లేదు. నీకైతే రెండేళ్లు ఇదే కదా? కొంచెం పక్కకు తీయి" అంది మేడం. డ్రైవర్లందరూ టీ గ్లాసులతో చుట్టూ చేరారు.

ఇట్లాంటి బండి అంటే ఏమిటని నేను అడగలేదు. ఉద్యోగం వచ్చినట్టేననుకుని, పెళ్లికొడుకు పీటలెక్కినట్టు కుడివైపు తలుపు తీసి ఎక్కాను. సీటు దులిపాను. దేవుడికి దండం పెట్టుకున్నాను. స్టీరింగు పట్టుకుందామని రెండు చేతులూ చాచాను.

గాలి తగిలింది.

ఎదురుగా ఒక సొరుగు ఉంది, అంతే. స్టీరింగు, కోపగించి గదిలో ఆ మూలన కూర్చున్న చుట్టంలా, ఎడమవైపు ఉంది. మస్కట్‌లో బండ్లన్నీ అలాగే ఉంటాయని అప్పటిదాకా నాకు తెలియదు. దామోదరం ఒంటె గురించి చెప్పాడు గానీ దీని గురించి చెప్పలేదు. చాచిన చేతులు ఏం చేయాలో తెలియక సొరుగు తుడవసాగాను.

కింద నుంచి ఎవరో అరిచారు: "అన్నా! స్టీరింగు మస్కట్‌లోనే మరిచిపోయొచ్చినావా?"

ఆ నవ్వుకు గేటు మీది కాకులు లేచిపోయాయి.

"దిగప్పా," అంది మేడం. దిగాను. ఆమె నవ్వలేదు. "ఇప్పుడు చెప్పు. ఏడ ఉన్నావు?"

"ఇంట్లో మేడం. నా భార్యకు బాగలేకుండె. చూసుకున్నాను. పోయింది."

అంతే, వచ్చేసింది మాట. అంత నవ్వులపాలయ్యాక దాచుకోవడానికి నాలో ఇంకేమీ మిగల్లేదు. గ్లాసులు పట్టుకున్నవాళ్లు తల దించుకున్నారు.

"వంట ఎవరు?" అంది మేడం.

"నేనే. ఉప్పు వెయ్యద్దన్నారు. చప్పిడి కూర."

"తిట్టేదా?"

"రోజూ."

"మంచిది. తిట్టేదానికి ఓపిక మిగిల్చినావు." ఆమె ఒక ట్రైలరు వైపు చెయ్యి చూపించింది. "దాన్ని రివర్సులో ఆ షెడ్డు కిందికి పెట్టు."

పెట్టాను. ఒక్క పట్టుకే కుదిరింది. ఎక్కేముందు మాత్రం కిటికీలోంచి తొంగి చూసుకున్నాను.

"రేపట్నించి రా. మన బండ్లకు స్టీరింగు కుడిపక్కనే," అంది మేడం. తర్వాత ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని, "ఇది పెరంబూరు అంగడిదే కదా? చీటీ కూడా పీకలేదే! నేనూ ఆడే కొంటాను" అంది.

"ముందే తెలుసా మేడం? మరి క్రేను ఎందుకు ఎక్కించినారు? నేను నడిపేసి ఉంటే?"

"ఎట్లా నడుపుతావు?" చీర కొంగు ముడి విప్పి చూపించింది. "తాళం ఈడ ఉండె. నువ్వు అడగనేలేదే!"

ఆ యార్డులోనే ఉన్నాను. ఇప్పుడు కొత్తవాళ్లెవరైనా నీ సంసారం సంగతేమని అడిగితే, భార్య పోయిందని మామూలుగా చెప్పగలుగుతున్నాను. అందుకు వసంత మేడంకు రుణపడి ఉన్నాను. చెప్పడానికి సిగ్గు గానీ, దామోదరానికి కూడా. ఈ కథ విని ఉంటే సుగుణ చప్పిడి కూర కంటే దీనికే ఎక్కువ తిట్టేది.

కనుక పెద్దలందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట స్టీరింగు ఏ పక్కన ఉంటుందో కనుక్కోకుండా ఏ దేశంలోనూ ఉద్యోగం చేయను. చేసినా, తాళం అడిగి తీసుకుంటాను.