షాక్ కొట్టని తీగ

ఆర్మూర్‌లో రాగితీగల ఫోన్లున్న రోజుల్లో లైన్‌మన్ గులాం రసూల్‌కు మీటరుతో పనిలేదు. తీగ కొన నాలుక మీద పెట్టుకునేవాడు. చురుక్కుమంటే లైను బతికున్నట్టు, లేకుంటే చచ్చినట్టు. ముప్ఫయ్యేళ్లు ఆ నాలుకే అతనికి అన్నం పెట్టింది.

రిటైరయ్యాక, ఊళ్లో ఫైబర్ ఇంటర్నెట్ నడిపే హరిప్రసాద్ దగ్గర చేరాడు. రెండు వారాలు చూసి హరిప్రసాద్ తేల్చేశాడు.

"చాచా, ఒక్క కంప్లెయింటన్న నువ్వే సొంతంగ బాగుచెయ్యాలె. లేకుంటే నాతోని కాదు."

నౌకరి పోతే భార్య సకీనా పొద్దుగూకేదాకా అంగడికి తిప్పుతుందని రసూల్‌కు తెలుసు. అందుకే పసుపు కమీషన్ ఏజెంటు దత్తాత్రి దుకాణంలో నెట్ పోయిందనగానే నిచ్చెన ఎత్తుకుని ఉరికాడు.

"జల్ది చూడు రసూల్ భాయ్. ఆన్‌లైన్ల వేలం నడుస్తున్నది, రేటు ఒక్కకాడనే ఆగింది," అన్నాడు దత్తాత్రి.

"తీగ ఎవరన్న ముట్టిండ్రా సేఠ్?"

"ఎవ్వలు ముట్టలె."

రసూల్ స్తంభమెక్కి, లావు తీగ తొక్క తీసి, అలవాటు చొప్పున నాలుకకు ఆనించాడు. చప్పగా ఉంది.

"సచ్చింది సేఠ్!" అని కేకేసి కత్తిరించేశాడు.

నెట్ పోయి గల్లీ అంతా బయటికొచ్చింది. మందుల షాపు దయానంద్ బిల్లు సగంలో ఆగిందట. ఎదురింటి నీలవ్వ ఫోన్ పట్టుకుని స్తంభం కిందికే వచ్చింది.

"మా అల్లుడు దుబాయ్‌ల నోరు తెరిచిండు, గట్లనే ఉండిపోయిండు. మూయిస్తవా లేదా?"

హరిప్రసాద్ బండి మీద వచ్చి తల పట్టుకున్నాడు.

"చాచా, ఈ తీగల కరెంటు ఉండదు. అద్దం పోగుల వెలుగు పారుతది, అంతే!"

తెగిన తీగ అతికించాడు. గల్లీకి నెట్ వచ్చింది, దత్తాత్రికి మాత్రం రాలేదు. అప్పుడు దుకాణంలోని తీగలోకి ఎర్రలైటు వేశాడు. బస్తాల వెనక ఒకచోట వెలుగు ఎర్రగా కారుతోంది. అక్కడ తీగను మడతలు పెట్టి, సుతిలితో బస్తా మూతి బిగించినట్టు ఎవరో బిగించారు.

"కాళ్లకు తగులుతుంటే నేనే కట్టిన," అంది దత్తాత్రి భార్య భాగ్యవతి. "సాపుగ ఉండాలె గదా?"

"గంత మలిస్తే వెలుగు ముందుకు పోదక్కా." హరిప్రసాద్ ముడి విప్పి రసూల్ వైపు తిరిగాడు. "చాచా, రేపటి సంది నువ్వు..."

"ఆగు తమ్మీ!" అంది భాగ్యవతి. "తీగ పీక పిసికింది నేను. నౌకరి పోయేది రసూలన్నదా?"

"ఆయన గల్లీ మొత్తం కోసిండక్కా!"

"మళ్ల అతికించినవు గద. గీసారి నిన్ను అడిగి కోస్తడు."

హరిప్రసాద్ ఆ మాట మీదే రసూల్‌ను పనిలో ఉంచుకున్నాడు. మర్నాడు హరిప్రసాద్ ఒక పెళ్లిలో భోజనానికి కూర్చున్నాడో లేదో ఫోన్ మోగింది.

"సార్, కొత్త తీగ చుట్టకు ప్లాస్టిక్ కవరున్నది. కొయ్యాల్నా?"

"కొయ్యి చాచా."

"ఎంత కొయ్యాలె సార్?"