ఒకటి తీసెయ్

మా సూలాన్ అత్తయ్య చూసి సరేననకుండా మా వాళ్లెవరూ ఆన్‌లైన్‌లో ఒక జత సాక్సులు కూడా కొనలేదు. కొనాలనుకున్నవన్నీ కార్ట్‌లో వేసి, ఆ కార్ట్ ఆవిడ ఫోన్‌కు పంపాలి. పావుగంటలో వాయిస్ మెసేజ్ వస్తుంది. అది నిండా అరవై సెకన్లు ఉంటుంది, అంతకు మించి ఫోనే ఒప్పుకోదు కాబట్టి. అందులో ఎన్ని తిట్లున్నా సారాంశం ఒక్కటే: ఏదో ఒకటి తీసెయ్యాలి.

మా షావోషింగ్ ఊళ్లోని బట్టల మిల్లులో ముప్ఫయ్యొక్క ఏళ్లు ఆవిడ ఉద్యోగం తప్పులు పట్టడమే. తానులో నేత చెడిన చోటల్లా అంచుకు ఎర్రదారం కట్టేది. మిల్లు మూతపడి, మామయ్య కూడా పోయాక చేతికి పనిలేక మా మీద పడిందని మేమంతా గట్టిగా నమ్మేవాళ్లం.

ఓసారి మా అన్నయ్య కార్ట్‌లో గొడుగు పెట్టాడు.

"గొడుగు తీసెయ్. మీ ఇంట్లో నల్లది ఉందిగా."

"దాని పిడి విరిగింది అత్తయ్యా!"

"విరిగింది పిడేగా? పిడి కొనుక్కో."

"పిడి ఒక్కటే ఎవడమ్ముతాడు?"

"అడిగావా? అడక్కుండానే తెలిసిపోయిందా?"

అన్నయ్య మూడు వారాలు పిడి కోసం ఊరంతా తిరిగాడు. రోజూ ఆవిడకు ఫోన్ చేసి పోట్లాడాడు. వానలో తడిసి, జలుబు చేశాక గానీ గొడుగుకు అనుమతి రాలేదు.

నా పెళ్లి కార్ట్‌లో నలభై వస్తువులున్నాయి. అత్తయ్య చూపు తిన్నగా దిండ్ల మీదకు పోయింది.

"నాలుగు దిండ్లా? పడుకునేది ఎంతమందిరా?"

నాకు కాబోయే భార్య జింగ్‌యీ నా చేతిలో ఫోన్ లాక్కుంది. "రెండు మా తలలకు, రెండు ఈయన్ని కొట్టడానికి అత్తయ్యగారూ."

"కొట్టడానికి ఒకటి చాలు. వాడు అంత గట్టి మనిషేం కాదు."

ఆ రోజు వాళ్లిద్దరూ నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు. మూడు దిండ్లతోనే హాంగ్‌చౌలో కాపురం పెట్టాం. అప్పట్నుంచి ఇంటి కార్ట్ పంపడం, అత్తయ్యతో తగువు పెట్టుకోవడం జింగ్‌యీ పనైపోయింది.

ఆరేళ్ల తర్వాత, ఏప్రిల్‌లో, మేం విడిపోయాం. తప్పు చాలావరకు నాదే. ఇంట్లో నోరు విప్పని మనిషితో ఎవరు మాత్రం ఎంతకాలం వేగుతారు? "మీ వాళ్లకు నువ్వే చెప్పు. ఆ ఒక్కటైనా నోటితో చెప్పు" అని జింగ్‌యీ వెళ్లిపోయింది.

నేను చెప్పలేదు. అందరికన్నా అత్తయ్యకు చెప్పాలంటే ఎక్కువ భయం. కార్ట్ పంపినా చెప్పినట్టే మరి. ఒక గిన్నె, ఒక తువ్వాలు, ఒక్కడికి సరిపోయే బుల్లి రైస్ కుక్కర్. అందుకని ఏడు నెలలు ఏమీ కొనడం లేదని, జింగ్‌యీకి ఆఫీసులో ఊపిరాడటం లేదని బొంకుతూ వచ్చాను.

ఏడాదికోసారి అన్నీ సగం ధరకే ఇచ్చే నవంబరు పదకొండు అమ్మకాలొచ్చాయి. ఆ రోజు కూడా ఏమీ కొననంటే అత్తయ్య డాక్టర్ని పంపుతుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసులో నా పక్క కుర్చీ ఫాన్ కై, ఇద్దరం కలిపి కొంటే తగ్గింపు ఎక్కువొస్తుందని తన కార్ట్ నాకు పంపాడు. పెళ్లైనవాడి కార్ట్, సబ్బులూ బియ్యమూ ఉంటాయిలే అనుకుని, విప్పి చూడకుండానే నాదని అత్తయ్యకు తోసేశాను.

మెసేజ్ వచ్చింది. నాలుగంటే నాలుగు సెకన్లు. "ఏదీ తీయొద్దు నాన్నా. అన్నీ ఉంచు."

గండం గడిచింది. తర్వాత కూడా మూడుసార్లు ఫాన్ కై కార్టే పంపాను. మూడుసార్లూ నాలుగు సెకన్లే. పాపం అత్తయ్యకు వయసైపోయిందని జాలి కూడా పడ్డాను, వెధవని.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మధ్యాహ్నం తలుపు గంట మోగింది. ఎదురుగా అత్తయ్య. ఒక చేతిలో శుభ్రం చేయించిన ముసలి కోడి, ఇంకో చేతిలో బియ్యంలో కూరిన గుడ్ల డబ్బా, భుజాన సంచీ.

"జింగ్‌యీ పడుకుందా? లేపకు, లేపకు" అంది గుసగుసగా. "మూడు నెలలు నిండేదాకా నోరెత్తకూడదు కదా, అందుకే ఆగాను. ఆగలేక చచ్చాననుకో. మీ నాన్నక్కూడా చెప్పలేదు."

సంచీలోంచి అరచేతంత పసుపుపచ్చ స్వెటర్ తీసింది.

అప్పుడు ఫోన్ తీసి, ఫాన్ కై కార్ట్ మొదటిసారి చదివాను. పాలసీసాలు, ఉయ్యాల, బొటనవేలికి తొడిగేటంత సాక్సులు.

ఆ స్వెటర్ వైపే చూస్తూ మొత్తం చెప్పాను. నా జన్మలో అంత సిగ్గుపడలేదు. అత్తయ్య తిట్టలేదు. స్వెటర్ మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. లేచి వంటగదిలోకి వెళ్లింది.

"ఈ కుక్కర్లో కోడి పట్టదు" అంది.

"కార్ట్ చూస్తే నీకు తెలిసిపోతుందని..."

"తెలియడానికే కదరా చూసేది!" అని ఒక్క అరుపు అరిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "మీ మామయ్య కార్ట్ నేనెప్పుడూ అడగలేదు. ఆయన పోయాక ఫోన్ తీసి చూస్తే, ఎనిమిది నెలలుగా కడుపునొప్పి మాత్రలు తెప్పించుకున్నాడు. పక్కనే పడుకున్నదాన్ని. నాకు తెలీదు."

"మరి ప్రతిసారీ ఆ తీసెయ్, తీసెయ్ ఎందుకు?"

"తీసెయ్ అంటేనే కదా పోట్లాడ్డానికైనా ఫోన్ చేస్తారు! నీకు నాలుగుసార్లు అన్నీ ఉంచమన్నాను. ఒక్కసారి చేశావా?"

చేయలేదు. ఎందుకో ఒక్కసారైనా అడిగి ఉంటే, ఆవిడ చలికాలమంతా ఆ స్వెటర్ అల్లుతూ కూర్చునేది కాదు. ఏప్రిల్‌లోనే నిజం కార్ట్ పంపి ఉంటే ఆవిడ జింగ్‌యీకి ఫోన్ చేసేది. ఇంకో నలభై నిమిషాలు మాట్లాడుకునేవాళ్లు. ఏమయ్యేదో నాకు తెలీదు. ఇప్పుడు విడాకుల కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి, తెలుసుకునే దారి లేదు. అది మాత్రం నన్ను ఇంకా పీకుతూనే ఉంటుంది.

స్వెటర్ ఫాన్ కై కూతురికి చేరింది. దానితోపాటు ఫాన్ కై కూడా అత్తయ్యకు చిక్కాడు. ఉయ్యాల తీసెయ్యమందట. "మీ అత్తయ్యతో వేగలేక చస్తున్నాను" అంటూనే రోజూ భోజనాల వేళ ఆవిడతో తగువు.

పోయిన వారం నా నిజం కార్ట్ పంపాను. తువ్వాలు, ఉల్లికాడల నూనె, ఒక దిండు. మెసేజ్ వచ్చింది. అరవై సెకన్లు. ఇన్నేళ్లలో మొదటిసారి అత్తయ్య తీసెయ్యమనాల్సిన చోట కలపమంది.

"దిండు ఒకటేమిట్రా? రెండు పెట్టు. ఆదివారం కోడి తెస్తున్నా. తిన్నాక నేను నడుం వాల్చొద్దా? ఆ తువ్వాలు తీసెయ్..."

మెసేజ్ పూర్తయ్యేలోపే రెండో దిండు పెట్టేశాను. అయినా ఫోన్ చేసి, రెండెందుకని నలభై నిమిషాలు పోట్లాడాను.