కొమురయ్య చూపించిన నల్లరాయి

2019 వేసవి. కురవి అవతల ఒక ఫెల్డ్‌స్పార్ క్వారీలో జియాలజిస్టుగా రాతి నమూనాలు సేకరిస్తున్నాను. పింగాణీ తయారీకి వాడే ఈ తెల్లరాయి పెగ్మటైట్‌లో దొరుకుతుంది. శిలాద్రవం చివరి భాగం గట్టిపడి పెగ్మటైట్ అవుతుంది. అందులో స్ఫటికాలు అరచేతి అంత, ఒక్కోసారి మనిషంత పెరుగుతాయి. అరుదైన ఖనిజాలు ఉండేదీ అందులోనే.

అక్కడ రాళ్లు కొట్టే కొమురయ్య పిడికిలంత నల్లటి ముక్క తెచ్చాడు.

"గిదేంది సారు?"

"టూర్మలిన్ అన్నా. మామూలు నల్లరాయే, మస్తు దొరుకుతది," అన్నాను, జీపు దిగకుండానే.

"ఏమో సారు. గిది ఉన్నకాడ తెల్లరాయి ఎర్రబడ్తది, సుట్టూ సీలికలు వస్తయి. సుత్తె పెడితే పొడిపొడే."

"నీ సుత్తెనే మొద్దుబారింది," అని నవ్వాను. ఆ రాయిని ఇంటికి తీసుకుపోవచ్చా అని అతను అడిగితే, "దేవుని గూట్ల పెట్టుకో," అన్నాను. దాన్నుంచి విరిగిన చిన్న ముక్కను సంచిలో వేసుకుని, నోటుబుక్కులో టూర్మలిన్ అని రాసుకున్నాను.

నెల తర్వాత ల్యాబ్ ఫలితం వచ్చింది. అది అల్లనైట్, థోరియం ఉండే ఖనిజం. దాని రేడియేషన్ వల్ల దాని స్ఫటికమే దెబ్బతిని ఉబ్బుతుంది. అప్పుడు చుట్టూ ఉన్న ఫెల్డ్‌స్పార్ చీలి ఎర్రబడుతుంది. నేను చదువుకున్న ఆనవాలునే కొమురయ్య ముందే చెప్పాడు.

రేడియేషన్ కొలిచే కౌంటర్ తీసుకుని వాళ్లింటికి పోయాను. రాయి దేవుని గూట్లో లేదు. కాన్పుకు వచ్చిన కూతురి మంచం ఊగుతోందని కోడు కింద పెట్టారు. పైన పసిపాప పడుకుని ఉంది.

రాయికి ఆనించగానే కౌంటర్ టకటకలాడింది. పాప పక్కన పెడితే చప్పుడు చాలా తగ్గింది, పూర్తిగా పోలేదు.

"తప్పు నాది అన్నా. సరిగ్గ సూడకుండ చెప్పిన."

"సూడకపోతే పాయె సారు. నేను జెప్పింది ఇనకపోతివి గద!"

రాయిని డబ్బాలో వేసి బయటికి తెచ్చి, దూరంగా ఆపిన జీపులో పెట్టాం. కొమురయ్య భార్య ఐలవ్వ పాపను ఎత్తుకుంది.

"జర నిజం జెప్పు సారు. పిల్లకేమన్న అయితదా?"

ఏం కాదని ఒక్క మాట అనేసి పోవడం నాకు అలవాటు. ఆ అలవాటే నన్ను ఇక్కడికి తెచ్చింది.

"ఆగవ్వా," అని మంచం మీద, నేల మీద, వాకిట్లో మళ్లీ కొలిచాను. అన్నిచోట్లా ఒకే రీడింగ్, మామూలుగా ఎక్కడైనా ఉండేంతే. "గదిల ఇప్పుడేం లేదు. చిన్న రాయి, నెల రోజులే. భయపడాల్సినంత కాదనుకుంటున్న. అయినా రేపు దవాఖానకు నేనూ వస్త, డాక్టర్‌కు చెప్త."

రాయిని రోజూ కొట్టేవాడి మాట కూడా ల్యాబ్ పరీక్షలాంటిదేనని ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఆ వాకిట్లోనే తెలిసింది.

కొమురయ్య చెయ్యి చాచాడు. "గా మిషన్ ఇటియ్యి సారు. ఈసారి నేను గూడ సూస్త."

ఎట్ల చూడాలో చెప్పి, అతని చేతికిచ్చాను.