పుల్లీ మీద తెల్ల చుక్క

ఆ రోజుల్లో కర్నూల్లో మెకానిక్ పని నేర్చుకోవడమంటే సగం పానాలూ స్క్రూడ్రైవర్లూ అందించడం, సగం అవమానాలు మింగడం. రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయినా మా షెడ్డులో ఆ పద్ధతి మారలేదు. (ఇప్పుడు నా షెడ్డులో పనివాళ్లను కాస్త గట్టిగా పిలిస్తే చాలు, మధ్యాహ్నానికల్లా ముఖం చాటేస్తారు.) మా మేస్త్రికి ఇంజను శబ్దం విని రోగం చెబుతాడని పేరు. ఆయన చెవి ఎంత సన్నమో నోరు అంత గరుకు. మా నాయనకు సరుకుల అంగడి ఉండేది కాబట్టి నా పేరు ఎగరగొట్టి "బెల్లం" అని పిలిచేవాడు. టీ వస్తే అందరికీ నిండు గ్లాసు, నాకు సగం. "నీకు తీపి ఇంట్లోనే ఉండాది కదప్పా" అనేవాడు. ఇలాంటివి నేను మరచిపోయే రకం కాదు.

బేతంచెర్లలో నాపరాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ శెట్టిగారు ఎక్కడి నుంచో ఒక పాత విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కొచ్చాడు. ఎర్రది, టాపు లేనిది, ఇద్దరే పట్టేది. దాని ఇంజను ఎప్పుడో చచ్చిపోయింది. ఫ్యాక్టరీ మూలన పడి ఉన్న తన అంబాసిడర్ పెట్రోలు ఇంజనును దాంట్లోకి ఎక్కించమన్నాడు. ఆ ఫ్యాక్టరీలోనే మకాం వేసి, మోకాళ్లు కొట్టుకుపోయేలా ఎక్కించింది నేను. చివర్లో చేతులు కడుక్కుని వచ్చి టైమింగు పెట్టింది మేస్త్రి. పిస్టన్ పైకంటా చేరడానికి రవ్వంత ముందు నిప్పురవ్వ పడాలి. ఆలస్యమైతే ఇంజను కాగుతుంది తప్ప లాగదు. అది సరిచూసుకునే గుర్తు ఇంజను ముందు తిరిగే పుల్లీ మీద ఉంటుంది, దాని పక్కనే కదలని ముల్లు ఉంటుంది. మేస్త్రి వంగి చూస్తే తెల్లటి చుక్క తళతళలాడుతూ కనబడింది. "కంపెనీవోడు ఎంత బాగా పెట్టినాడో చూడు!" అని దాన్ని ముల్లుకు ఎదురుగా తెచ్చి, ప్లగ్గులకు నిప్పు పంచే డిస్ట్రిబ్యూటర్ బిగించేశాడు. ఆ ఒక్క రోజు చెవికి సెలవిచ్చాడు.

శెట్టిగారు నడపగా కారు ఫ్యాక్టరీ గేటు దాటింది. క్వారీ రోడ్డు ఎత్తు మొదలుకాగానే సైలెన్సర్లో టపాకాయలు పేలాయి, రేడియేటర్లో నీళ్లు ఉడికాయి, బండి నిలబడిపోయింది. కోసిగి నుంచి వలసొచ్చి రాళ్లు లోడు చేస్తున్న కూలీలు వెనక్కి నెట్టుకొస్తూ "ఏం సామీ, దీపావళి ముందే వచ్చిందే!" అన్నారు. శెట్టిగారి ముఖం కారు కంటే ఎర్రబడింది. మేస్త్రి ఒక్క క్షణం తడుముకోలేదు. "ఇంజను ఎక్కించింది వీడే శెట్టీ. బెల్లం చేతులు, పట్టు యాడుంటాది?" అని నా వైపు తిరిగి, "రేపట్నుంచి షెడ్డుకు రావద్దు. పోయి మీ నాయన అంగట్లో తూకమేసుకోపో" అన్నాడు.

ఆ మాట కోసమే మా నాయన ఎదురుచూస్తున్నాడు. షెడ్డులోంచి వెళ్లగొడితే ఇక జన్మంతా తక్కెడ ముందే అని ముందే షరతు పెట్టి పంపాడు. నాకు ఒళ్లు మండింది.

"నా బోల్టు ఒక్కటి వదులుంటే నేనే పోతా మేస్త్రీ. ముందు పిస్టన్ యాడుందో చూద్దాం."

"చుక్క కనబడతాంటే ఇంగా చూసేదేముంది?"

"చుక్కే అబద్ధం చెప్తాందేమో!"

అందరూ నవ్వారు. ఆ నవ్విన ముఖాలన్నీ నాకింకా గుర్తే. మొదటి ప్లగ్గు ఊడదీసి, రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి ఇంజనును చేత్తో తిప్పాను. గాలి వేలిని తన్నగానే లోపలికి సైకిలు చువ్వ దించి, మెల్లగా తిప్పుతూ పోయాను. చువ్వ పైకి లేచి లేచి ఆగింది. పిస్టన్ పైకంటా వచ్చిందన్నమాట. తెల్ల చుక్క మాత్రం ముల్లుకు రెండు వేళ్ల ఎడంగా ఉంది! ముల్లుకు ఎదురుగా ఉన్న జిడ్డును కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే అసలు గుర్తు, చిన్న గాటు, బయటపడింది.

"మరి ఈ చుక్క యాడిదిరా?" అన్నాడు మేస్త్రి.

మజ్జిగ చెంబు, గ్లాసులతో వచ్చిన అవ్వ, శెట్టిగారి అమ్మ, తొంగిచూసింది. "దాని జోలికి పోవద్దప్పా! ఆయుధపూజకు నేను పెట్టించిన బొట్టది. కుంకుమ పెడితే రాలిపోతాందని బోర్డులు రాసేటోనితో పెయింటు పెట్టించినా. ఎర్రది అయిపోయింటే తెల్లదే పెట్టమంటి."

చుట్టూ చూశాం. రాళ్లు కోసే మిషనుకు చుక్క. నీళ్ల మోటారుకు చుక్క. కాటాకు చుక్క. (కుక్క గొలుసుకు కూడా.) మేస్త్రి మజ్జిగ అందుకుని, గ్లాసులోకి చూస్తూ చాలాసేపు తాగాడు.

గాటుకు రవ్వంత ముందు నిప్పు పడేట్టు టైమింగు పెట్టి స్టార్ట్ చేశాను. ఇంజను గొంతే మారిపోయింది. శెట్టిగారు నా పక్కన ఎక్కబోయేలోపు అవ్వ కొంగు తలమీదికి లాక్కుని రెండో సీట్లో కూర్చుంది. "నా బొట్టు తప్పంటిరి కదా, నేనే చూస్తా పద." టాప్ గేరులోనే ఎత్తు ఎక్కుతున్నాం. ముందు రాళ్ల లారీ. "లారీ ఎనకాలే పోతాండావేమప్పా, దాటు!" అంది అవ్వ. దాటాను. లారీ పైనున్న కోసిగి కూలీలు ఈసారి ఈలలు వేశారు. తిరిగొచ్చేసరికి మేస్త్రి శెట్టిగారితో "నేను చెప్పినట్టే చేసినాడు" అంటున్నాడు. (ఇదీ రాసిపెట్టుకున్నట్టే గుర్తుంది.) కానీ ఆ సాయంత్రం నా టీ గ్లాసు నిండుగా వచ్చింది. ఒక్కొక్క గుక్కా ఆయన చూస్తుండగా తాగాను. మరునాడు షెడ్డుకు అందరికంటే ముందు వెళ్లాను. ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు కడపలో నాకు సొంత షెడ్డు ఉంది. మొన్న మేస్త్రి వచ్చాడు. చెవి దాదాపు వినబడదు. అయినా నడుస్తున్న ఒక పాత అంబాసిడర్ ఇంజను దగ్గర తల వంచి, "రవ్వంత ముందుకు తిప్పప్పా" అన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మీద చెయ్యి వేశాను, తిప్పలేదు. "ఆఁ, ఇప్పుడు కుదిరింది" అన్నాడు తృప్తిగా. ఆయనకు నిండు గ్లాసు టీ తెప్పించాను. నా బుద్ధి ఊరుకోదు కదా, చెవి దగ్గరికి వంగి గట్టిగా అడిగాను: "మేస్త్రీ, బేతంచెర్లలో ఆ తెల్ల చుక్క గుర్తుండాదా?"

ఆయన గ్లాసు దించి, నా ముఖంలోకి అమాయకంగా చూశాడు.

"ఏ చుక్కప్పా?"

ఇన్నేళ్లూ దాన్ని ఇద్దరి తరఫునా నేనొక్కడినే మోశానన్నమాట. నవ్వొచ్చింది. ఆయన గ్లాసులో ఇంకాస్త టీ పోశాను.